ప్యాసింజర్ నుంచి ఫోన్ వస్తే: ట్రావెల్ డెస్క్ మీద చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

ట్రావెల్ కన్సల్టెంట్ పనిలో సమస్య బయటపడే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి. బయటపడేది చెక్-ఇన్ కౌంటర్ దగ్గర, ఇమిగ్రేషన్ లైన్లో, హోటల్ రిసెప్షన్‌లో. పుట్టేది మాత్రం చాలాసార్లు వారాల ముందే, మన డెస్క్ మీద, ఏదో ఒక గడి నింపుతున్నప్పుడు. అందుకే ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఫేర్లు వెతకడం కన్నా ముందు ఇది నేర్పుతాను: ఫోన్లో విన్న మాట పట్టుకుని వెనక్కి వెళ్లి, అసలు తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడం.

ఫోన్ ఎత్తగానే మూడు సంగతులు అడగండి. ఇప్పుడు ఎక్కడున్నారు? ఫ్లైట్‌కి ఇంకా ఎంత టైం ఉంది? మీ చేతిలోని కాగితం మీద ఏం రాసి ఉంది? అంతర్జాతీయ ప్రయాణాలకు చాలా ఎయిర్‌లైన్స్ 60 నిమిషాల ముందే కౌంటర్ మూసేస్తాయి. కాబట్టి రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మిగతా పని వరస మారుతుంది. టైం తక్కువుంటే ముందు ప్రయాణాన్ని కాపాడండి. తప్పెవరిదో తర్వాత తేల్చుకోవచ్చు.

“పీఎన్ఆర్ ఉంది, కౌంటర్లో మాత్రం టికెట్ లేదంటున్నారు”

ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉందంటే సీటు పట్టి ఉంచారని అర్థం, అంతవరకే. టికెట్ వేరు. దానికి 13 అంకెల నంబర్ ఉంటుంది, మొదటి 3 అంకెలు ఎయిర్‌లైన్ కోడ్. బుకింగ్‌లో హెచ్‌కే అని కనబడగానే పని అయిపోయిందనుకుంటారు కొత్తవాళ్లు. ఆ స్టేటస్ చెప్పేది సీటు కన్ఫర్మ్ అయిందని మాత్రమే. టికెటింగ్ టైం లిమిట్ దాటితే ఎయిర్‌లైన్ ఆ సీట్లు వెనక్కి లాగేసుకుంటుంది. ప్యాసింజర్ ఫోన్లో మాత్రం మనం పంపిన పాత ఐటినరరీ భద్రంగా ఉంటుంది, దాన్నే టికెట్ అనుకుని ఎయిర్‌పోర్టుకు వెళతారు.

ముందు బుకింగ్ తెరిచి టికెట్ నంబర్ ఉందేమో చూడండి. నంబర్ లేకపోయినా సీట్లు ఇంకా ఉన్నాయంటే అక్కడికక్కడే ఇష్యూ చేయండి. పాత ఫేర్ పోయి ఉంటే ఇవాళ్టి ఫేర్‌కు చేయాల్సిందే. ఆ తేడా ఆఫీసు భరించాలి, ప్యాసింజర్‌ను అడగడం న్యాయం కాదు.

నంబర్ ఉన్నా కౌంటర్లో కనబడట్లేదంటే కోడ్‌షేర్ అయ్యుండొచ్చు. టికెట్ అమ్మినది ఒక ఎయిర్‌లైన్, విమానం నడిపేది ఇంకొకటి. నడిపే ఎయిర్‌లైన్ సిస్టంలో పీఎన్ఆర్ వేరేగా ఉంటుంది, మీ బుకింగ్‌లోనే దొరుకుతుంది, దాన్ని చదివి చెప్పండి. వాళ్లు నిలబడింది సరైన కౌంటరేనా అనేదీ కనుక్కోండి. రెండూ సరిగ్గానే ఉన్నాయంటే ఇంకో అనుమానం మిగులుతుంది: మధ్యలో ఫ్లైట్ మారినప్పుడు బుకింగ్ మార్చి, టికెట్ రీఇష్యూ చేయడం ఎవరో మరిచిపోయారు.

“పాస్‌పోర్టులో పేరు వేరేగా ఉందట”

పేరును ఫోన్లో విని టైప్ చేశారు, లేదా విజిటింగ్ కార్డు చూసి కొట్టారు. ఇంతకన్నా వేరే కారణం నాకు అరుదుగా కనిపించింది. పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి. పై వరుసలో దేశం కోడ్, దాని వెంటే ఇంటిపేరు, తర్వాత జంట గుర్తులు, ఆ తర్వాత సొంత పేరు. మెషిన్ చదివేది ఆ వరుసల్నే. మీరూ అక్కడే చూసి కొట్టండి.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులతో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఒక ఎయిర్‌లైన్ ఉన్న ఒక్క పేరునే రెండు గడుల్లోనూ వేయమంటుంది, మరొకటి ఆ పేరును ఇంటిపేరు గడిలో వేసి, సొంత పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) వేయమంటుంది. ప్రయాణంలో రెండు ఎయిర్‌లైన్స్ ఉంటే ఇద్దరి పద్ధతీ కనుక్కున్నాకే ఇష్యూ చేయాలి.

తప్పు టికెట్ ఇష్యూ చేసిన రోజే కంటపడితే దాన్ని వాయిడ్ (రద్దు) చేసి కొత్త టికెట్ ఇచ్చేయొచ్చు. రోజు దాటితే ఎయిర్‌లైన్ నేమ్ కరెక్షన్ పాలసీ చూడాలి. అక్షరాల తేడాను చాలామంది సరిచేస్తారు, మనిషి మారిపోయేంత మార్పును ఒప్పుకోరు. కంగారులో ముందు బుకింగ్ క్యాన్సిల్ చేసేయకండి. అప్పుడు పేరూ సరికాదు, సీటూ పోతుంది.

“మా ఫ్లైట్ నిన్ననే వెళ్లిపోయిందట”

ఇన్నేళ్లలో నన్ను వదలకుండా వెంటాడుతున్న కేసు ఇదే. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు. టికెట్ మీద తేదీ 15, టైం 00:40. వాళ్లు 15వ తేదీ రాత్రి సూట్‌కేసులు సర్దుకుని, పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకుని బయలుదేరారు. కౌంటర్ చేరేసరికి పదిన్నర. విమానం వెళ్లిపోయి దాదాపు 22 గంటలైంది. ఫోన్ చేసిన ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. “మేడం, 15 అనే కదా రాశారు” అని మాత్రం మూడుసార్లు అన్నారు.

తేదీ సరిగ్గానే ఉంది, టైమూ సరిగ్గానే ఉంది. అయినా కారణం నేనే. రోజు మారేది అర్ధరాత్రికి అనేది టికెట్ లెక్క, తెల్లవారితేనే కొత్త రోజు అనేది మనుషుల లెక్క. ఈ రెండింటినీ కలిపి చెప్పాల్సింది నేను, చెప్పలేదు.

అప్పటినుంచి అర్ధరాత్రికీ తెల్లవారుజాము 4 గంటలకీ మధ్య బయలుదేరే ప్రతి టికెట్‌తో పాటు విడిగా ఒక లైన్ పంపుతున్నాను: “14వ తేదీ గురువారం రాత్రి 9 గంటలకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఆ రాత్రి 12 దాటిన 40 నిమిషాలకు ఫ్లైట్.” పంపి ఊరుకోను. ఫోన్ చేసి “ఇంట్లోంచి ఏ రోజు రాత్రి బయలుదేరుతున్నారు?” అని అడుగుతాను, జవాబు వాళ్ల నోటి నుంచి రావాలి. “తేదీ చూసుకున్నారా” అని అడిగితే అందరూ చూసుకున్నామనే అంటారు.

ఫ్లైట్ పోయాక కబురు అందితే మొదట ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి తిరుగు ప్రయాణం సెక్టార్ (టికెట్‌లోని ఒక్కో ఫ్లైట్ ఒక సెక్టార్) బతికుందో లేదో కనుక్కోండి. ఆ తర్వాతే కొత్త సీట్లు, నో-షో (ఫ్లైట్‌కు రాకపోయినందుకు పడే) ఛార్జీలు.

ఇదే లెక్క హోటల్ దగ్గరా తప్పుతుంది. రాత్రి బయలుదేరిన ఫ్లైట్ మర్నాడు దిగితే, గది బయలుదేరిన తేదీకి బుక్ అయి ఉంటుంది. తెల్లవారుజాము 3కు దిగేవాళ్లకు ఉల్టా చిక్కు: వాళ్లకు గది ముందు రోజు తేదీ నుంచే కావాలి, లేకపోతే మధ్యాహ్నం చెక్-ఇన్ దాకా లాబీలో కూర్చోవాలి. పసిపిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లకు ఆ ఒక్క రాత్రి కూడా బుక్ చేయమనే నా సలహా.

“వీసా ఉంది, అయినా బోర్డింగ్ పాస్ ఇవ్వట్లేదు”

కౌంటర్లో వాళ్లు చూసేది టిమాటిక్. ఏ దేశపు పాస్‌పోర్ట్‌తో ఏ దేశం మీదుగా ఎక్కడికి వెళ్లాలంటే ఏ కాగితాలుండాలో చెప్పే ఐఏటీఏ (అంతర్జాతీయ ఎయిర్‌లైన్స్ సంఘం) డేటాబేస్ అది. కాగితాలు సరిపోని మనిషిని ఎక్కించుకుంటే తిరిగి తెచ్చే బాధ్యత ఎయిర్‌లైన్‌దే, చాలా దేశాల్లో జరిమానా కూడా పడుతుంది. అందుకే వాళ్లు గట్టిగా ఉంటారు, వాళ్లతో గొడవపడితే ఒరిగేదేం లేదు.

పాస్‌పోర్ట్ గడువుతో మొదలుపెట్టండి. చాలా దేశాలు 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. షెంగెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) అక్కణ్ణుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు ఉండాలి, పైగా ఆ పాస్‌పోర్ట్ గత 10 ఏళ్లలోపు జారీ అయ్యుండాలి. వీసా చేతిలో ఉన్నా రోజుల లెక్క వేయాలి: అక్కడ తక్కువ కాలం ఉండేందుకు వెళ్లేవాళ్లు ఏ 180 రోజులు తీసుకున్నా 90 దాటకూడదు. ఏడాదిలో రెండుమూడుసార్లు వెళ్లేవాళ్ల పాత రాకపోకల తేదీలన్నీ దగ్గర పెట్టుకుని లెక్కపెట్టండి.

గడువు బాగానే ఉంటే మధ్యలో దిగే దేశం చూడండి. “ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లం కదా” అంటారు ప్యాసింజర్లు. అమెరికాలో ఈ మాట చెల్లదు. వేరే దేశానికి వెళ్లే విమానం మారడానికి దిగినా అక్కడ ఇమిగ్రేషన్ దాటాల్సిందే, అంటే వీసానో ఎస్టానో (వీసా అక్కర్లేని దేశాలవాళ్లు ఆన్‌లైన్లో తీసుకునే అనుమతి) ఉండాల్సిందే. షెంగెన్ ఎయిర్‌పోర్టుల్లోనూ కొన్ని దేశాల పాస్‌పోర్టులకు ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా తప్పనిసరి.

ఇక విడివిడి టికెట్లు. ఫేర్ తగ్గుతుందని రెండు టికెట్లు అతికించి ఇస్తే, మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. లగేజీ కోసం ఇమిగ్రేషన్ దాటాలి, దాటాలంటే ఆ దేశపు వీసా కావాలి. మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది పోతే ఏ ఎయిర్‌లైన్‌కూ బాధ్యత ఉండదు. తేడా ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, ఈ సంగతులన్నీ రాతలో పెట్టి, “అర్థమైంది” అని జవాబొచ్చేదాకా ఇలాంటి టికెట్ నేను ఇవ్వను.

పరిష్కారం టైం మీద ఆధారపడుతుంది. తిరుగు టికెట్ వేరే పీఎన్ఆర్‌లో ఉండటం వల్ల కౌంటర్లో కనబడకపోవచ్చు. దాన్ని పంపి, సూపర్‌వైజర్‌తో టిమాటిక్ మళ్లీ చూపించుకోమనండి, ఒక్కోసారి అక్కడితో తీరిపోతుంది. లోపం నిజమే అయితే వాదన ఆపి, ట్రాన్సిట్ వీసా అక్కర్లేని రూట్‌కు మార్చండి. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడిగే దేశాలకు మాత్రం ఆ రోజు చేయగలిగేదేం ఉండదు: టీకా వేసుకున్న 10 రోజులకు గానీ అది చెల్లదు. ఒకసారి వేసుకుంటే 2016 జులై నుంచి జీవితాంతం చెల్లుతుంది, కాబట్టి పాత సర్టిఫికెట్ మీద 10 ఏళ్ల గడువు చూసి కంగారు పడక్కర్లేదు.

“వెళ్లేటప్పుడు కారులో వెళ్లాం, ఇప్పుడు తిరుగు టికెట్ క్యాన్సిల్ అయిందట”

టికెట్‌లోని సెక్టార్లు రాసిన వరసలోనే వాడాలి. మొదటిది వదిలేస్తే సాధారణంగా మిగతావన్నీ రద్దయిపోతాయి. ముందే తెలిస్తే ఫ్లైట్ టైం కన్నా ముందు ఎయిర్‌లైన్‌తో మాట్లాడి టికెట్ మార్పించాలి. టికెట్ ఇచ్చేటప్పుడే ఈ ఒక్క ముక్క చెబితే ఈ ఫోనే రాదు.

“పాపకు సీటు లేదంటున్నారు”

వెళ్లేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు కుదరదు, ఎందుకంటే ఈలోపు పాపకు 2 ఏళ్లు నిండాయి. పుట్టినతేదీని బయలుదేరే రోజుతోనే పోల్చి వదిలేస్తారు. తిరిగొచ్చే రోజుతో కూడా పోల్చండి, సీటు ముందే తీసుకోండి.

“టైం మారిందని మాకెవరూ చెప్పలేదు”

ఎయిర్‌లైన్ చెప్పింది, మన క్యూకి (బుకింగ్ సిస్టంలో ఎయిర్‌లైన్ సందేశాలు వచ్చిపడే జాబితాకి) వచ్చింది, మనం తెరవలేదు. లేదా బుకింగ్‌లో ప్యాసింజర్ మొబైల్ నంబర్‌కు బదులు ఆఫీసు నంబర్ వేశాం. క్యూలో టీకే కనబడితే టైం మారిందని, యూఎన్ కనబడితే ఆ ఫ్లైట్ ఇక లేదని అర్థం. టీకేని చూసీచూడకుండా ఒప్పేసుకోవడం పెద్ద పొరపాటు. 40 నిమిషాల మార్పే కదా అనిపిస్తుంది, దాంతో తర్వాతి ఫ్లైట్ అందుకునే టైం ఆ ఎయిర్‌పోర్టు కనీస కనెక్షన్ టైం కన్నా తగ్గిపోతుంది. ఒప్పుకునే ముందు ఐటినరరీ మొత్తం మొదటినుంచి చదవండి.

కొత్త టైం కుదరకపోతే, వేరే ఫ్లైటో పూర్తి రీఫండో అడిగే వీలు ఎక్కువగా ఒప్పుకోకముందే ఉంటుంది. నేను రోజూ పొద్దున మెయిల్ కన్నా ముందు క్యూ తెరుస్తాను, ప్రయాణానికి 3 రోజుల ముందు ప్రతి బుకింగ్ మళ్లీ చూస్తాను.

“రీఫండ్ ఎప్పుడొస్తుంది?”

ఇది నాలుగోసారి అడుగుతున్నారంటే మొదటిసారి మనం “వచ్చేస్తుందండీ” అని ఉంటాం. డబ్బు ఎయిర్‌లైన్ నుంచి సెటిల్‌మెంట్ ద్వారా ఆఫీసుకు వచ్చి, అక్కణ్ణుంచి వాళ్లకు చేరాలి. క్యాన్సిల్ చేసిన రోజే మూడు అంకెలు రాసి ఇవ్వండి: ఎయిర్‌లైన్ కోత, మన సర్వీస్ ఛార్జీ, చేతికొచ్చేది. అప్లై చేసిన తేదీ కూడా వేయండి. నాన్-రిఫండబుల్ అని రాసి ఉన్నా వాడని ఎయిర్‌పోర్ట్ ట్యాక్సులు కొన్ని వెనక్కి వస్తాయి, ఫేర్ రూల్ పూర్తిగా చదవకుండా “ఏమీ రాదు” అనేయకండి. క్యాన్సిలేషన్ మాత్రం వీలైనంతవరకు ఫ్లైట్ బయలుదేరకముందే చేయండి.

ఎయిర్‌లైన్ నుంచి ఏడీఎం వచ్చింది

ఏడీఎం (ఏజెన్సీ డెబిట్ మెమో) అంటే మనం ఇచ్చిన టికెట్‌లోనో బుకింగ్‌లోనో తప్పు దొరికిందని ఎయిర్‌లైన్ మన ఆఫీసుకు వేసే బిల్లు. ఈ ఒక్క కబురు ప్యాసింజర్ నుంచి రాదు. ఒకే మనిషికి రెండు బుకింగ్‌లు, వదిలేసిన వెయిట్‌లిస్ట్ సెగ్మెంట్లు, రూల్‌కు సరిపోని క్లాస్‌లో ఇచ్చిన టికెట్, ఎక్కువగా వీటికే పడుతుంది. ఇష్యూ చేసిన రోజు నాటి ఫేర్ రూల్ కాపీ ఫైల్లో ఉంటేనే వాదించగలరు, రూల్స్ తర్వాత మారిపోతుంటాయి. డిస్ప్యూట్ గడువు లోపల పంపండి.

కొటేషన్ తీసుకున్నారు, మళ్లీ ఫోన్ లేదు

తక్కువ ఫేర్ దొరికి వెళ్లిపోయారని సరిపెట్టుకుంటాం. నా అనుభవంలో, మనం పంపిన ఏడెనిమిది ఆప్షన్లలో ఏది మంచిదో వాళ్లకు తేలక వదిలేసినవే ఎక్కువ. రెండే పంపండి. మీరైతే ఏది ఎంచుకుంటారో, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి, ఫేర్ ఏ టైం దాకా నిలుస్తుందో చెప్పండి.

వాటన్నిటికన్నా ముందు ఒక్కటి అడగండి: “పోయినసారి ప్రయాణంలో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిందేంటి?” ఒకామె కాసేపు ఆగి, ఫ్లైట్ మారే చోట వాళ్లమ్మ గేటు దాకా నడవలేక దారిలోనే కూలబడిపోయారని చెప్పింది. ఆమెకు పంపిన కొటేషన్‌లో మొదటి లైన్ వీల్‌చెయిర్ గురించి, రెండోది మూడు గంటల కనెక్షన్ గురించి, ఫేర్ మూడో లైన్లో రాశాను. ఆ సాయంత్రమే పాస్‌పోర్ట్ కాపీలు వచ్చాయి.