రేడియేషన్ లెక్కలు – 3వ పాఠం: 74 గ్రే ఎక్కువా, 60 గ్రే తక్కువా?

గ్రే అంటే ఒంటికి అందే రేడియేషన్ డోసుకి కొలత అనీ, ఫ్రాక్షన్ అంటే ఆ మొత్తం డోసులో ఒక్క విడతలో ఇచ్చే భాగం అనీ కిందటి పాఠంలో చూశాం. ఫ్రాక్షన్‌ని ఇకమీద అందరూ అనే మాటతోనే సిట్టింగ్ అందాం. రెండు షెడ్యూళ్లను కాగితం మీద పోల్చడం ఈరోజు నేర్చుకుంటాం. పెన్నూ, ఫోన్‌లో క్యాలిక్యులేటరూ దగ్గర పెట్టుకోండి.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కి ఒకాయనకు 37 సిట్టింగ్‌లలో 74 గ్రే ఇచ్చారు. ఇంకొకాయనకు 20 సిట్టింగ్‌లలో 60 గ్రే. రెండో ఆయన ఇంట్లో వెంటనే టెన్షన్ మొదలవుతుంది: "మనకు తగ్గించి ఇస్తున్నారా?" ఈ భయానికి ఊరడింపు మాటలు చాలవు, లెక్క తెలియాలి. ఈ పాఠం రాయాలని నేను పట్టుబట్టింది అందుకే.

మొత్తం గ్రేలను నేరుగా పోల్చకూడదు. రెండేసి గ్రే 30 సార్లు ఇచ్చినా, మూడేసి గ్రే 20 సార్లు ఇచ్చినా మొత్తం 60 గ్రేలే. కణానికి తగిలే దెబ్బ మాత్రం వేరు. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య కణం తన డీఎన్‌ఏని మరమ్మతు చేసుకుంటుంది. ఒక్కో సిట్టింగ్‌లో డోసు పెరిగేకొద్దీ ఆ మరమ్మతు దానికి కష్టమవుతుంది. ఏ కణజాలానికి ఎంత కష్టమో సూచించే అంకెను ఆల్ఫా-బీటా నిష్పత్తి అంటారు. అంకె ఎంత చిన్నదైతే పెద్ద సిట్టింగ్‌కి అంత ఎక్కువ దెబ్బ.

చాలా క్యాన్సర్లకు ఇది 10 దగ్గర ఉంటుంది. నెమ్మదిగా పెరిగే ప్రొస్టేట్ క్యాన్సర్‌కి 1.5 దగ్గరని అంచనా. వెనకే ఉండే పురీషనాళానికి ఏళ్ల తర్వాత బయటపడే హాని లెక్కలో 3 తీసుకుంటారు. క్యాన్సర్ అంకె పక్క అవయవం అంకె కన్నా చిన్నదిగా ఉండటం అరుదు. ప్రొస్టేట్‌కి పెద్ద సిట్టింగ్‌లు ఆలోచించడానికి ధైర్యం ఇచ్చింది ఇదే.

సూత్రం ఇది. అన్నిటినీ 2 గ్రే సిట్టింగ్‌ల భాషలోకి మారుస్తుంది:

సమాన డోసు = మొత్తం డోసు × (సిట్టింగ్ డోసు + నిష్పత్తి) ÷ (2 + నిష్పత్తి)

60 గ్రే, 20 సిట్టింగ్‌లు అంటే సిట్టింగ్‌కి 3 గ్రే. క్యాన్సర్‌కి: 60 × 4.5 ÷ 3.5 = 77.1. అంటే 74 కన్నా ఎక్కువే! పురీషనాళానికి: 60 × 6 ÷ 5 = 72. అంటే 74 కన్నా తక్కువ. ఈ రెండు లైన్లూ ఒకసారి మీ చేత్తో వేసి చూడండి.

కాగితం మీది లెక్క మనిషి ఒంట్లో నిలబడిందా? బ్రిటన్ కేంద్రంగా 3,216 మందితో చేసిన చిప్ ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. చాలామందికి హార్మోన్ మందు కూడా ఇచ్చారు. 5 ఏళ్లకు జబ్బు తిరగబెట్టనివారు 74 గ్రేకి 88.3%, 60 గ్రేకి 90.6%. అదే ట్రయల్‌లో 19 సిట్టింగ్‌లలో 57 గ్రే కూడా ఇచ్చి చూశారు. మన సూత్రం ప్రకారం అది 73.3, దాదాపు 74కి సమానం. వచ్చింది 85.9%. 74 గ్రేకి ఇది తీసిపోదని తేల్చలేకపోయారు. 60 గ్రేకీ దీనికీ ఒక్క సిట్టింగే తేడా. లెక్క దారి చూపిస్తుంది, తీర్పు ట్రయల్‌దే. మీ షెడ్యూల్ గురించి డాక్టర్‌ని మంచి ప్రశ్న అడగడానికి ఈ సూత్రం వాడండి, సొంతంగా మార్చుకోవడానికి మాత్రం వద్దు.

అభ్యాసం: స్వీడన్, డెన్మార్క్‌లలో 39 సిట్టింగ్‌ల 78 గ్రేని, 7 సిట్టింగ్‌ల 42.7 గ్రేతో పోల్చారు. 2019 ఫలితాల్లో రెండు వైపులా 84% మందికి 5 ఏళ్లకు జబ్బు తిరగబెట్టలేదు. 42.7కి సమాన డోసు నిష్పత్తి 1.5తో ఒకసారి, 3తో ఒకసారి కట్టండి. 92.7, 77.7 వస్తే మీ లెక్క సరైనదే. ఈ రెండిట్లో ఏది 78కి దగ్గరగా ఉందో చూసి, 1.5 అనే అంచనా గురించి మీకేమనిపిస్తోందో రాసి పెట్టుకోండి. 5 సిట్టింగ్‌ల 36.25 గ్రేని తీసుకుని 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.