డీజిల్ కారు లాగడం లేదా? ఫ్యూయల్ ఫిల్టర్ సమస్యలు - పరిష్కారాలు

ఇది డీజిల్ కార్ల గురించే. ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి ఫిల్టర్ ట్యాంకులోనే, పంపుతో కలిసి ఉంటుంది. పెట్రోల్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు కాబట్టి దాని జోలికి ఇంట్లో వెళ్లొద్దు. డీజిల్ ఫిల్టర్ మాత్రం చాలా కార్లలో బానెట్ కిందే చేతికి అందుతుంది. కాస్త ఓపిక ఉంటే మనమే మార్చుకోవచ్చు.

సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు పుల్లింగ్ ఉండదు

విజయవాడ బందర్ రోడ్డు ట్రాఫిక్‌లో బండి బాగానే నడుస్తుంది. ఏసీ వేసుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మాత్రం ఎంత తొక్కినా స్పీడు పెరగదు, మధ్యలో జర్కులు.

కారణం: మెల్లగా పోయేటప్పుడు ఇంజన్‌కి కొద్దిపాటి డీజిల్ చాలు. సగం మూసుకుపోయిన ఫిల్టర్ నుంచి కూడా అంత వస్తుంది. లోడ్ పడ్డాక అడిగినంత రాదు.

అయితే ఫిల్టర్ కొనేముందు రెండు విషయాలు చూడండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టిందా? తొక్కినప్పుడు స్స్‌మని గాలి శబ్దం, వెనక నల్లపొగ వస్తున్నాయా? వస్తుంటే టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం) హోస్ పైపు ఎక్కడో చీలి ఉండొచ్చు. అప్పుడు డీజిల్ ఫిల్టర్ మార్చినా డబ్బు దండగే.

పరిష్కారం: ఇంజన్ పూర్తిగా చల్లారాక, గాలి ఆడే చోట, పొద్దున్నే మొదలుపెట్టండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయండి. ఏ పైపు ఎటు వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కింద ఆల్టర్నేటర్, బెల్టు ఉంటే వాటి మీద మందంగా గుడ్డ కప్పండి. డీజిల్ పడితే రెండూ పాడవుతాయి. పైపు క్లిప్పులను నొక్కి నిదానంగా లాగాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోస్తే ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. కొత్త ఫిల్టర్ మీద బాణం గుర్తుంటే అది ఇంజన్ వైపు ఉండాలి. కొత్త రబ్బరు రింగుకి కొంచెం డీజిల్ రాసి బిగించండి. పాత ఫిల్టర్ అడుగున వాటర్ సెన్సర్ ఉంటే దాన్ని తీసి కొత్త ఫిల్టర్‌కి బిగించడం మర్చిపోవద్దు.

పంపు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే స్టీలు పైపులను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయకండి. కామన్ రైల్ ఇంజన్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ‘రైల్’ అనే ఒకే పైపు నుంచి డీజిల్ అందేవి) ఆ ప్రెషర్ 1,600 బార్ దాటొచ్చు. అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

పాత ఫిల్టర్ పారేయకండి

అసలు జబ్బు తెలిసేది ఇక్కడే. అందులోని డీజిల్‌ని శుభ్రమైన గాజు సీసాలో పోసి, అరగంట కదపకుండా ఉంచి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. అడుగున వేరే పొర, మధ్యలో గీత గీసినట్టు అంచు కనిపిస్తే అది నీళ్లు. ఎర్రటి సన్నని రవ్వ దిగితే తుప్పు. నల్లటి జిగురు ఉంటే నీళ్లు చాలాకాలంగా నిలిచి లోపల సూక్ష్మజీవులు పెరిగాయని అర్థం. ఈ మూడింట్లో ఏది కనిపించినా ముందు ట్యాంకు కడిగించాలి, లేకపోతే కొత్త ఫిల్టర్ కూడా త్వరలోనే అదే దారి పడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్ నగర్ వైపు ఎన్నో కార్లు మునిగాయి. ఈ మధ్య సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్నవాళ్లు ఈ సీసా పరీక్ష తప్పకుండా చేసుకోవాలి.

సమస్య: మీటర్‌లో నీటి గుర్తు వెలిగింది

ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చేదాన్ని సీసాలో పట్టండి. నీళ్లు పోయి ఉత్త డీజిల్ రావడం మొదలయ్యాక బిగించేయండి. పదేపదే వెలుగుతుంటే మీరు డీజిల్ కొట్టించే బంకు మార్చి చూడండి. (పట్టిన డీజిల్‌ని దయచేసి బందరు కాలువలోనో, డ్రైనేజీలోనో పోయకండి. ఆటోనగర్‌లో ఏ షెడ్డులో అడిగినా వేస్ట్ ఆయిల్ డ్రమ్ము చూపిస్తారు.)

సమస్య: ఫిల్టర్ మార్చాక స్టార్ట్ అవడం లేదు

టెన్షన్ పడొద్దు. లోపల గాలి చేరింది, అంతే. డీజిల్ పైపు మీద రబ్బరు బల్బు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉన్న కారైతే, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్‌లో కొన్ని సెకన్లు ఉంచి ఆఫ్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. అదేపనిగా సెల్ఫ్ కొడితే ముందు దెబ్బతినేది హైప్రెషర్ పంపే. దానికి డీజిలే కందెన.

రోజూ పొద్దున మాత్రమే స్టార్టింగ్ ట్రబుల్ ఉంటే రబ్బరు రింగు సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. రాత్రంతా ఆ సందులోంచి గాలి లోపలికి పోయి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. బయట తడి కనిపించకపోయినా ఇలా జరుగుతుంది.

సీసా శుభ్రంగా ఉంది, కొత్త ఫిల్టర్ వేశాం, అయినా లాగడం లేదు

ఇంకో ఫిల్టర్ కొనకండి. స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లి, బండి లోడ్ మీద ఉన్నప్పుడు రైల్ ప్రెషర్ ఎంత కావాలో, ఎంత వస్తోందో పక్కపక్కన చూపించమని అడగండి. తేడా ఎక్కువగా ఉంటే పంపు, ఇంజెక్టర్లు చూడాలి. తేడా లేకపోతే లోపం గాలి వైపు ఉంది. టర్బో, ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) చెక్ చేయించండి.