మామూలు వీల్‌చైరా, బ్యాటరీ వీల్‌చైరా? ముందు చేతులు చూడండి, తర్వాత తలుపులు కొలవండి

పదకొండేళ్ల కింద ఎర్రగుంట్ల దగ్గర ఒక మిద్దె మీద పని చేస్తూ పడిపోయాను. నడుము దెబ్బతింది, కాళ్లు పోయాయి. ఇప్పుడు కడపలో చిన్న జిరాక్స్ షాపు నడుపుతున్నాను. సదరం (వైకల్య) సర్టిఫికెట్ కాగితాల కోసం వచ్చేవాళ్లు నా కుర్చీ చూసి ఆగుతారు. "అన్నా, మా నాయనకు మామూలుది కొనాలా, బ్యాటరీది కొనాలా?" అంటారు. నేను తిరిగి అడిగే మొదటి మాట ఒకటే: "ఆయన చేతులు ఎట్లున్నాయి?"

అందరూ కాళ్ల గురించే చెబుతారు. కాళ్లు పనిచేయవు కాబట్టే కుర్చీ కొంటున్నాం. ఏ కుర్చీ అనేది తేల్చేది మాత్రం చేతులే.

ఎవరి దగ్గరైనా ఒక మామూలు కుర్చీ అడిగి తెచ్చుకోండి. మనిషిని కూర్చోబెట్టి, మీరు చెయ్యి వేయకుండా, హాలు నుంచి బాత్రూం దాకా ఆయననే తోసుకుని పోనివ్వండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అట్లా నాలుగు రోజులు చూడండి. ఆయాసం లేకుండా, నడుము పక్కకు వాలకుండా పోగలిగితే బ్యాటరీది ఇప్పుడే అక్కర్లేదు. ఆ మాత్రం కసరత్తు ఒంటికి మంచిది కూడా. రెండు చేతుల్లో పట్టు లేకపోయినా, గుండె జబ్బుతో నాలుగు గజాలకే ఊపిరి అందకపోయినా బ్యాటరీదే ఆలోచించాలి. లేకపోతే మంచినీళ్లకు కూడా ఇంకొకరిని పిలవాల్సి వస్తుంది. ఆ బాధ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

పక్షవాతం వచ్చినవాళ్ల సంగతి వేరు. ఒక్క చేత్తో ఒక్క చక్రమే తిప్పితే కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది. అయితే బాగున్న వైపు కాలు నేలకు ఆనితే, ఆ చెయ్యీ ఆ కాలూ కలిపి నడుపుకోవచ్చు. దానికి సీటు కిందికి ఉండాలి. మామూలు కుర్చీ సీటు నేల నుంచి దాదాపు 20 అంగుళాలు ఉంటుంది. వీళ్లకు 17, 18 అంగుళాలది కావాలి. షాపులో మీరే అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మా చిన్నమ్మకు కుడి వైపు పడిపోయింది. పిల్లలు ప్రేమ కొద్దీ అప్పు చేసి మరీ బ్యాటరీ కుర్చీ కొన్నారు. కుర్చీని నడిపే చేతి మీట, అదే జాయ్‌స్టిక్, కుడి పక్కనే ఉంది! పాపం, ఎడమ చేతిని ఒళ్లో నుంచి అడ్డంగా చాపి నడిపేది. రెండో రోజే పాదం గోడకు తగిలి చర్మం లేచింది. చాలా మోడళ్లలో జాయ్‌స్టిక్‌ను రెండో వైపుకు మార్చవచ్చు, అది అమ్మేటప్పుడే చేసి ఇవ్వాల్సిన పని.

ఇంకొకటి గమనించండి. పక్షవాతం తర్వాత కొందరికి ఒక పక్క, ఎక్కువగా ఎడమ పక్క, ధ్యాసలోకే రాదు. కంచంలో ఆ పక్క అన్నం అట్లనే వదిలేస్తారు, ఆ పక్కనున్న తలుపుకు గుద్దుకుంటారు. ఫిజియోథెరపిస్ట్ చూసి సరే అనేదాకా అట్లాంటివాళ్ల చేతికి బ్యాటరీ కుర్చీ ఇవ్వకండి. మూర్ఛలు వచ్చేవాళ్లకూ అంతే.

తర్వాత టేపు తీసుకుని ఇల్లు కొలవండి. సీటు 18 అంగుళాలని రాసి ఉన్న కుర్చీ, చక్రాలూ వాటి పక్కన రింగులూ కలుపుకుని 25, 26 అంగుళాల వెడల్పు వస్తుంది. మన ఇళ్లలో బాత్రూం తలుపు రెండున్నర అడుగులంటారు గానీ, ద్వారబంధం పోగా, సగమే తెరుచుకునే తలుపు పోగా ఎంత మిగులుతుందో అక్కడ టేపు పెట్టి చూడండి. గడప ఎత్తు కూడా రాసుకోండి. ముందున్న చిన్న చక్రాలు రెండు అంగుళాల గడపకే ఆగిపోతాయి.

వీధి వాకిట్లో మూడు మెట్లుంటే లెక్క మారుతుంది. మామూలు కుర్చీ 15 నుంచి 20 కిలోలు, మనిషితో సహా ఇద్దరు పట్టి దించవచ్చు. పాతరకం బ్యాటరీలున్న కుర్చీ ఒక్కటే 50 కిలోలు దాటవచ్చు. దానికి ర్యాంపు తప్పదు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్కన, మూడు మెట్లు 18 అంగుళాలైతే ర్యాంపు 18 అడుగులు. మన సందుల్లో అంత చోటు ఎక్కడిది? చోటున్నా నున్నగా పాలిష్ చేసిన కడప బండలు పరచకండి. తడిస్తే బ్రేకు వేసినా కుర్చీ జారుతుంది. గరుకు సిమెంటే మేలు.

బ్యాటరీ కుర్చీలో జాయ్‌స్టిక్ వదిలితే బ్రేకు దానంతటదే పడుతుంది. కానీ తోసుకోవడానికి మోటారును విడదీసే లివర్ ఒకటి ఉంటుంది. అది తీసి ఉన్నప్పుడు ఆ బ్రేకు ఉండదు. వాలు మీద దాన్ని ఎప్పుడూ ముట్టుకోకండి. లిథియం బ్యాటరీ ధర ఎక్కువైనా బరువు తక్కువ. మే నెల ఎండలో బయట పెట్టి చార్జింగ్ చేయకండి. మోటారును నడిపించే కంట్రోలర్ పాడైతే ఎవరు, ఎక్కడ బాగుచేస్తారో డబ్బు కట్టే ముందే అడగండి. మామూలు కుర్చీ పంక్చరైతే సైకిల్ షాపు చాలు. మన పల్లెల్లో కంప ముళ్లూ పల్లేరు కాయలూ ఉంటాయి కాబట్టి, గాలి లేని గట్టి టైర్లే నయం.

కుర్చీ ఏదైనా సీటు కొలత తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. నా మొదటి కుర్చీ 20 అంగుళాలది. "పెద్దదైతే హాయిగా ఉంటుంది" అని అమ్మినాయన అన్నాడు, మేం నమ్మాం. రెక్సిన్ సీటు ఉయ్యాల మాదిరి కుంగి, నేను ఒక పక్కకే వాలి కూర్చునేవాణ్ణి. స్పర్శ లేదు కదా, పుండు పడినా తెలియలేదు. మా అమ్మ బట్టల మీద తడి చూసి కనిపెట్టింది. నాలుగు నెలలు బోర్లా పడుకున్నాను. అందుకే చెబుతున్నాను: కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు కొలిచి, రెండు పక్కలా ఒక్కో అంగుళం కలపండి, అంతకు మించొద్దు. మోకాలి వెనక రెండు వేళ్ల సందు ఉండాలి. మంచి కుషన్ వేయండి. పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒకసారి ఒంటి బరువును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చాలి.

తొమ్మిదేళ్లు తోసేసరికి నా కుడి భుజం పట్టేసింది. అప్పుడు కూడా పూర్తి బ్యాటరీ కుర్చీకి మారలేదు, మా బాత్రూంలో అది తిరగదు. ఇంట్లో చేత్తోనే తోసుకుంటూ, రోడ్డుకు మాత్రం కుర్చీ ముందు భాగానికి మోటారు తగిలించుకునే దారి ఒకటుంది. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోఫ్లై కుర్చీకి తగిలించే నియోబోల్ట్ అట్లాంటిదే, 2021లో వచ్చింది, గంటకు 25 కిలోమీటర్ల దాకా పోతుంది. చేతులు బాగుండి దూరం పోవాల్సినవాళ్లు రెండింటిలో ఒకటి ఎంచుకునే ముందు ఇట్లాంటిది కూడా చూడండి.

డబ్బు లేదని ఆగకండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి, నెల ఆదాయం 22,500 రూపాయల లోపుంటే కేంద్రం ఆడిప్ పథకంలో కుర్చీ ఉచితం. బ్యాటరీవి మాత్రం మరీ తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లకే ఇస్తారు. క్యాంపులో కొలతలు తీసేటప్పుడు మీ తలుపు కొలత కూడా చెప్పండి.

చిన్నమ్మ ఇప్పుడు ఇంట్లో సీటు తగ్గించిన మామూలు కుర్చీ వాడుతోంది. జాయ్‌స్టిక్ ఎడమకు మార్పించిన బ్యాటరీ కుర్చీ ముందు గదిలో ఉంటుంది. శనివారం సాయంత్రం అందులోనే దేవుని కడప గుడికి పోయి వస్తుంది, పక్కన మనవడు నడుస్తాడు. మీరు కొనే రోజు మాత్రం కూర్చోవాల్సిన మనిషిని షాపుకు తీసుకెళ్లండి. అరగంట కూర్చోబెట్టి, లేపి, చర్మం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.