ఇంట్లోనే ఫోన్ డిస్‌ప్లే మార్చుకుందాం – 3వ పాఠం: గమ్‌కి ముందు టెస్ట్

పోయిన పాఠంలో పగిలిన డిస్‌ప్లేని వేడి చేసి ఊడదీశాం. ఇప్పుడు మీ ముందు ఖాళీ ఫ్రేమ్, కొత్త కాంబో (డిస్‌ప్లే, టచ్ గ్లాస్ కలిసి ఒకే ముక్కగా వచ్చేది) ఉన్నాయి. చెయ్యి గమ్ ట్యూబు మీదకే పోతుంది. కాస్త ఆగండి.

గమ్ అంటిన కాంబోని విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనైనా షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. "అంటించేశారు కదండీ, ఇంకేటి చేస్తాం" అంటారు. వాళ్ల తప్పేం లేదు. కాంబో పైనున్న ప్లాస్టిక్ కాగితం కూడా అప్పుడే పీకొద్దు.

బ్యాటరీ కనెక్టర్ ఊడే ఉందా, మళ్లీ చూడండి. కాంబో స్ట్రిప్‌ని (చివర కనెక్టర్ ఉన్న పల్చటి పట్టీని) ఫ్రేమ్ సందులోంచి బోర్డు వైపు తీసి, డిస్‌ప్లేని ఊరికే పైన ఆనించండి. కనెక్టర్ చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాన్ని బోర్డు మీది గాడికి సరిగ్గా ఎదురుగా పెట్టి, వేలి కొసతో ముందు ఒక చివర, తర్వాత రెండో చివర నొక్కండి. టక్కుమని కూర్చున్నట్టు వేలికే తెలుస్తుంది. తెలియలేదంటే వంకరగా ఉన్నట్టే. ఎత్తి మళ్లీ పెట్టండి, బలం చూపిస్తే పిన్నులు వంగుతాయి. పాత కాంబో పారేయకపోతే ముందు దానితో చెయ్యి అలవాటు చేసుకోవచ్చు.

డిస్‌ప్లే తర్వాతే బ్యాటరీ కనెక్టర్. కరెంటు ఉండగా డిస్‌ప్లే తగిలిస్తే బోర్డు మీద తెర లైటుకి కరెంటిచ్చే లైన్ షార్ట్ అవ్వొచ్చు. అప్పుడు కాంబో ఖర్చుకి బోర్డు ఖర్చు తోడు.

ఫోన్ ఆన్ చేసి, తెల్లటి బొమ్మ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెడితే మచ్చలు, గీతలు బయటపడతాయి. ఒక యాప్ గుర్తుని నొక్కిపట్టి తెరంతా, మూలలతో సహా లాగండి. చేతిలోంచి జారిన చోట టచ్ లేదు. చాలా సామ్‌సంగ్ ఫోన్లలో *#0*#, రెడ్‌మీలో *#*#6484#*#* డయల్ చేస్తే కంపెనీ టెస్టే తెరుచుకుంటుంది. ఛార్జర్ పెట్టి కూడా టచ్ చూడండి. నాసిరకం కాంబోలు ఛార్జింగ్‌లోనే పిచ్చిగా, వాటంతటవే నొక్కుకుంటాయి. తెరలోనే వేలిముద్ర ఉన్న ఫోన్‌కి చవకని ఎల్‌సీడీ కాంబో తెచ్చారా, ఆ వేలిముద్ర మీద ఆశ వదులుకోండి.

అన్నీ బాగుంటే స్విచాఫ్ చేసి, ముందు బ్యాటరీ కనెక్టర్, తర్వాత డిస్‌ప్లే కనెక్టర్ తీసేయండి.

ఇక ఫ్రేమ్ అంచు. పాత గమ్‌ని ప్లాస్టిక్ కార్డుతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసిన గుడ్డతో తుడవండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. తర్వాత దూది పుల్లని అంచు చుట్టూ తిప్పండి. పోగు చిక్కుకున్న చోట గాజు రవ్వ ఉంటుంది. దాన్ని వదిలేస్తే కొత్త గ్లాస్ దాని మీదే కూర్చుని, ఎప్పుడో జేబులో ఉండగానే చిట్లుతుంది. వేలితో మాత్రం తడమకండి.

గమ్ దారం సన్నాన చాలు. ఇయర్‌పీస్ జాలీ, కెమెరా దగ్గరికి పోనివ్వకండి. స్ట్రిప్ సందులోంచి దూర్చి, డిస్‌ప్లే కూర్చోబెట్టి, పైనా కిందా రబ్బరు బ్యాండ్లు వేయండి, బిగించి కాదు. బీ7000 రకం గమ్ పూర్తిగా గట్టిపడటానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది.

కనెక్టర్లు, స్క్రూలు, వెనక మూత వచ్చే పాఠంలో. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో పడితే బోర్డుకే చిల్లు.