పెద్దబాతులు, పెరటి కోళ్ల కంటి జబ్బులు: లక్షణం చూసి కారణం పట్టండి

కన్ను మూసుకుని మూల నిలబడ్డ కోడిని చూడగానే చాలామంది దొరికిన చుక్కల మందు వేసేస్తారు. కాస్త ఆగండి. ఒక కన్నేనా, రెండూనా? ఒక్క పక్షికేనా, గుంపులో మిగతావాటికీ ఉందా? కారణం సగం ఇక్కడే తేలిపోతుంది. ముక్కు వైపు నుంచి అడ్డంగా వచ్చి పోయే పల్చటి పొర చూసి టెన్షన్ పడకండి, అది పక్షులకు ఉండే మూడో రెప్ప.

ఒక్క కన్నే, ఉన్నట్టుండి మూసుకుంటే

ఎక్కువగా ఇది పొడిచిన దెబ్బో, గడ్డిపోచో, ఇసుక రేణువో. అర లీటరు కాచిన నీళ్లలో ముప్పావు టీస్పూను (సుమారు 4.5 గ్రాములు) ఉప్పు కరిగించి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చండి. రెక్కలు ఒంటికి ఆనేలా పక్షిని తువ్వాలులో చుట్టి, సూది తీసేసిన సిరంజితో కంట్లోకి మెల్లగా ధార పట్టండి. దూదిపుల్లతో కంట్లో కెలకొద్దు. కనుగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే పుండు పడిందేమోనని అనుమానించి అదే రోజు పశువైద్యుడికి చూపించాలి. డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు పుండున్న కంట్లో వేస్తే కన్ను పోవచ్చు. ఇంట్లో మిగిలిపోయిన చుక్కలు వాడొద్దనేది అందుకే.

రెండు కళ్లూ, గుంపులో చాలావాటికి వస్తే

ముందు గూటిని అనుమానించండి. తడిసిన పొట్టు, రెట్ట కలిసి అమోనియా పుడుతుంది. అది గాలిలో 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25) దాటకూడదంటారు. కానీ రోజూ లోపలికి వెళ్లే మనిషి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. అందుకే తెల్లవారి తలుపు తీసిన వెంటనే, వంగి పక్షి తల ఎత్తులో పీల్చి చూడండి. కళ్లు మండితే కారణం దొరికినట్టే. తడి పొట్టు మొత్తం తీసేసి పొడిది వేయాలి, కారే నీళ్ల గిన్నె మార్చాలి, పక్షుల తలకు పైన గాలి ఆడే కిటికీలు రాత్రి కూడా తెరిచి ఉంచాలి. గాలి మారకుండా ఎన్ని చుక్కలు వేసినా దండగే.

పెద్దబాతుల కళ్లు పుసి కట్టి అంటుకుపోతే

పెద్దబాతు తల ముంచి కళ్లు కడుక్కునే పక్షి. తాగడానికి సరిపోయే చిన్న గిన్నె పెట్టి ఊరుకుంటే కళ్లలో మట్టి, మేత పొడి పేరుకుంటాయి. తల మొత్తం మునిగేంత లోతు తొట్టి పెట్టి, నీళ్లు రోజూ మార్చండి. ఇది మందుకన్నా ముందు చేయాల్సిన పని. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, తుమ్ములు తోడైనా అది ఇన్ఫెక్షన్ కావచ్చు. బాతుల్లో వచ్చే క్లమీడియా అనే బ్యాక్టీరియా మనుషులకూ సోకుతుంది కాబట్టి మాస్కు, గ్లోవ్స్ తప్పనిసరి. చెరువుకు వెళ్లే పక్షులైతే ముక్కు రంధ్రాల్లో, రెప్పల కింద జలగలు ఉన్నాయేమో కూడా చూడండి.

కంటి మూల నురగ, ముఖం వాపు ఉంటే

కోళ్లలో నురగ ఎక్కువగా మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా గుర్తు, ముఖం ఉబ్బి దుర్వాసన వస్తే కొరైజా (బ్యాక్టీరియాతో వచ్చే అంటుజలుబు) కావచ్చు. వెంటనే వేరుచేయండి. ఏ యాంటీబయాటిక్, ఎన్ని రోజులు, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదు అన్న మూడూ డాక్టరును అడగాలి. నయమైన పక్షి కూడా రోగాన్ని మోస్తుంది, మైకోప్లాస్మా గుడ్డు ద్వారా పిల్లలకూ వెళ్తుంది. కాబట్టి దాని గుడ్లు పొదగేయొద్దు.

రెప్ప కింద జున్నులాంటి తెల్ల ముద్ద

నోట్లో కూడా చిన్న తెల్ల పొక్కులుంటే విటమిన్ ఎ లోపం కావచ్చు. పాతబడ్డ దాణాలో ఈ విటమిన్ తగ్గిపోతుంది. తాజా దాణా, ఆకుకూరలు, క్యారెట్, పసుపు మొక్కజొన్న పెట్టండి. ముద్దను లాగకుండా ఉప్పునీళ్లతో నానబెట్టాలి.

రెప్పల మీద, జుట్టు (తురాయి) మీద గోధుమరంగు పొక్కులు మశూచి. ఇది వైరస్. పొక్కులు గిల్లకండి, దోమలను ఆపండి, మిగతావాటికి టీకా గురించి అడగండి. నల్లగుడ్డు చుట్టూ వలయం బూడిదరంగుకు మారి పాప వంకరపోతే మారెక్స్ అనే వైరస్ జబ్బని అనుమానించాలి. దానికి మందు లేదు, పుట్టిన రోజునే వేసే టీకాయే రక్షణ.

తల వాచి, జుట్టు నీలంగా మారి, పక్షులు వరుసగా చనిపోతుంటే అది కొక్కెర తెగులో (రాణిఖేత్), బర్డ్ ఫ్లూనో కావచ్చు. చచ్చిన పక్షిని కోయకుండా, వట్టిచేత్తో ముట్టకుండా పశువైద్య శాఖకు కబురు చేయండి.

ఒక కన్ను పోయిన పక్షి బాగానే బతుకుతుంది. మేత, నీళ్లు ఎప్పుడూ ఒకే చోట పెట్టండి, దగ్గరికి వెళ్లేటప్పుడు చూపున్న వైపు నుంచి పలకరిస్తూ వెళ్లండి.