కాలు నొప్పి, వాపు: తేడా ధమనిలోనా, సిరలోనా?

కాలు లాగుతోందంటే చాలా ఇళ్లలో చేసేది ఒకటే: దిండు మీద కాలు ఎత్తిపెట్టడం, బిగుతు సాక్స్ తొడగడం. రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరల ఇబ్బందికి ఇది మంచి ఉపాయమే. గుండె నుంచి రక్తం తెచ్చే ధమని మూసుకుపోతున్న కాలికి మాత్రం ఇదే హాని చేస్తుంది. అందుకే ముందు లక్షణం గమనించండి.

సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, మెలికలు తిరిగిన నీలి నరాలు

కారణం: సిరలు. గుండె నెట్టిన ఒత్తిడి సిరల దాకా వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతుంది. పిక్క కండరాలు పిండితేనే రక్తం పైకెక్కుతుంది, లోపలి కవాటాలు దాన్ని వెనక్కి జారనివ్వవు. కవాటాలు బలహీనపడితే రక్తం కిందే నిలిచిపోతుంది. గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్లకు ఈ బాధ ఎక్కువ.

పరిష్కారం: నడక, మడమలు ఎత్తి దించడం, పడుకున్నప్పుడు కాళ్లు గుండె కన్నా ఎత్తులో పెట్టడం. డాక్టర్ చెబితే కంప్రెషన్ స్టాకింగ్స్ (కాలిని నొక్కి ఉంచే బిగుతు సాక్స్). తగ్గకపోతే లేజర్ చికిత్స ఉంది.

కొంత దూరం నడవగానే పిక్క పట్టేయడం, ఆగితే నిమిషాల్లో తగ్గడం

దీన్ని వయసు మీద పడటం అనుకుని వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. కొవ్వు పేరుకుని ధమని సన్నబడితే, నడిచే కండరానికి కావాల్సినంత రక్తం అందదు. పొగతాగడం, షుగర్ ముఖ్య కారణాలు. జబ్బు ముదిరితే రాత్రి పడుకున్నా పాదం నొప్పి పెడుతుంది, కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త హాయిగా ఉంటుంది. ఈ ఒక్క గుర్తు చాలు, తప్పు ధమనిదేమోనని అనుమానించడానికి.

పరిష్కారం: చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష చేయించండి. నిష్పత్తి 0.9 లేదా అంతకన్నా తక్కువైతే ధమని సన్నబడినట్టే. షుగర్ ఉన్నవాళ్లలో ధమని గట్టిపడి ఈ అంకె మామూలుగానే కనిపించవచ్చు, వాళ్లకు రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ కూడా అవసరం కావచ్చు. బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. డాక్టర్ సలహాతో నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. మానని పుండు, నల్లబడిన వేలు ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

బీపీ మాత్ర మొదలుపెట్టాక రెండు చీలమండలూ వాయడం

ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర చిన్న ధమనులను సడలిస్తుంది. దాంతో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. మాత్ర సొంతంగా ఆపకుండా డాక్టర్‌కు చెప్పండి. గుండె, కిడ్నీ జబ్బుల్లోనూ ఇలా వాపు వస్తుంది కాబట్టి అవీ చూస్తారు.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం

లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నూనె రాసి మర్దన చేయకండి, గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. అదే రోజు స్కాన్ చేయించండి. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి.