కెనడాలోని వాల్ మరీ ఆర్‌ఎంకు (గ్రామీణ మున్సిపాలిటీకి) కొత్తగా వస్తున్నవారికి: ముందుగా మీ నేల నంబరు నేర్చుకోండి

గత జనవరిలో మన తెలుగు కుర్రవాడొకడు, పనిలో చేరి రెండు వారాలైనా కాలేదు, సాయంత్రం ఆరు గంటలకు కంకర రోడ్డు మీద జారి కారును పక్క గోతిలోకి దించుకున్నాడు. అదృష్టవశాత్తూ అక్కడ ఫోనుకు సిగ్నలు దొరికింది. అత్యవసర సహాయపు నంబరు 911 వారు ఎక్కడున్నావని అడిగితే "ఊరు దాటాక ఎడమవైపు, కంచె పక్కన" అని చెప్పాడు. ఈ ప్రాంతమంతా కంచెలే. గంట దాటాక, ఆవులకు గడ్డి వేసి తిరిగి వెళుతున్న ఒక రైతు హెడ్‌లైట్లకు అతను కనబడ్డాడు కనుక ఈ రోజు మనతో ఉన్నాడు. అతని మీద కోపంతో కాదు, మరొకరు అలా ఇరుక్కోకూడదన్న ఆరాటంతో ఇది రాస్తున్నాను.

బూట్లు, జాకెట్లు, కారు ఇంజను వెచ్చబెట్టే బ్లాక్ హీటరు, హెల్త్ కార్డు, బ్యాంకు ఖాతా సంగతులు మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు, వాటి జోలికి నేను వెళ్లను. నేను చెప్పదలచింది ఒక్కటే: మీరు నిద్రపోయే చోటు ఏ క్వార్టరో, ఏ సెక్షనో, ఏ టౌన్‌షిప్పో, ఏ రేంజో నోటికి రావాలి. ఇవి సర్వేలో నేలను కోసిన గడుల పేర్లు, వివరం కింద చెబుతాను. ఇది నాకూ తెలియని రోజులున్నాయి. నేను వచ్చిన మొదటి శీతకాలంలో, ఊరికి దూరంగా ఒక పాత ఫామ్ ఇంట్లో అద్దెకు ఉన్నప్పుడు, అర్ధరాత్రి నా భార్యకు ఊపిరి ఆడలేదు. ఫోనులో అడిగిన ప్రతి ప్రశ్నకూ నేను "నీలం రేకుల ఇల్లు, పెద్ద గాదె పక్కన" అనే జవాబే మళ్లీ మళ్లీ ఇచ్చాను. అంబులెన్సు దారి తప్పి, తిరిగి వచ్చి, చివరికి చేరింది. ఆమె కోలుకుంది. కానీ ఆ నలభై నిమిషాలు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంటాయి.

ఈ చోటు ఎలాంటిదో తెలిస్తేనే నంబరు విలువ తెలుస్తుంది. వాల్ మరీ గ్రామీణ మున్సిపాలిటీ, అందరూ ఆర్‌ఎం అనేది, సస్కాచెవాన్‌కు నైరుతి మూలన ఉంది. దాని దక్షిణపు హద్దు అమెరికాలోని మోంటానా సరిహద్దే. రాష్ట్రంలోని 296 ఆర్‌ఎంలలో దీని నంబరు 17. చదరపు కిలోమీటరుకు ఒక మనిషి కూడా లెక్కకు రాడు. వంద మందికి కాస్త అటూ ఇటూ ఉండే వాల్ మరీ గ్రామంలోనే ఆర్‌ఎం కార్యాలయం ఉన్నా, పాలన ప్రకారం ఆ గ్రామం ఆర్‌ఎంలో భాగం కాదు, దాని కౌన్సిలు వేరు. రోడ్డు బాగు చేయమనో, మంచు తీయమనో అడగవలసింది ఎవరిని అన్నది మీ ఇల్లు గ్రామం గీత లోపల ఉందా బయట ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఫ్రెంచ్‌మన్ నది ఈ లోయ గుండా పారి, మిల్క్ నదిలో, అక్కడి నుంచి మిస్సోరిలో కలిసి, చివరికి మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. ప్రెయిరీలోని, అంటే ఈ గడ్డి మైదానాలలోని, చాలా నీరు హడ్సన్ అఖాతానికి పోతుంటే ఇక్కడిది మాత్రం దక్షిణానికి పోతుంది. పెద్ద బజారు కావాలంటే నాలుగవ నంబరు హైవే మీద ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్లు పోయి స్విఫ్ట్ కరెంట్ చేరాలి.

ఇక నంబరు సంగతి. మన ఊళ్లలో సర్వే నంబరు తెలియని రైతు ఉండడు, ఇక్కడ కూడా అంతే, కాకపోతే మన సర్వే నంబర్లు ఊరు పుట్టాక వచ్చాయి, ఇక్కడ ఊరు పుట్టకముందే వచ్చాయి. 1871లో మొదలైన సర్వేలో నేలనంతా ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల టౌన్‌షిప్పులుగా కోశారు. ఒక్కో టౌన్‌షిప్పులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షను ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దానిలో నాలుగో వంతు, 160 ఎకరాలు, క్వార్టరు. టౌన్‌షిప్పులను అమెరికా సరిహద్దు నుంచి ఉత్తరానికి లెక్కిస్తారు, రేంజిలను, అంటే టౌన్‌షిప్పుల నిలువు వరుసలను, మెరిడియన్ అనే ఉత్తర దక్షిణ గీత నుంచి పడమటికి లెక్కిస్తారు. మనది 106 డిగ్రీల రేఖాంశం మీద ఉన్న మూడవ మెరిడియన్‌కు పడమర. సెక్షన్ల వరుస మాత్రం కొత్తవారిని తికమకపెడుతుంది: ఆగ్నేయ మూలలో 1తో మొదలై పడమటికి 6 దాకా పోయి, దానికి పైన 7తో తూర్పుకు తిరిగి 12 దాకా వచ్చి, ఇలా నాగలి చాలు తిరిగినట్టు తిరుగుతూ ఈశాన్య మూలలో 36తో ముగుస్తుంది. కనుక ఉదాహరణకు "నార్త్‌వెస్ట్ 14, 3, 13, వెస్ట్ ఆఫ్ ది థర్డ్" అన్నారంటే, మూడవ మెరిడియన్‌కు పడమర పదమూడవ రేంజిలో, మూడవ టౌన్‌షిప్పులో, పద్నాలుగో సెక్షన్ వాయవ్య క్వార్టరని అర్థం. ఇది తెలిసిన డ్రైవరు రోడ్డుకు పేరు లేకపోయినా వచ్చేస్తాడు.

సెక్షన్ల మధ్య రోడ్డు కోసం వదిలిన నేల వెడల్పు 66 అడుగులు, అంటే మన సర్వేయర్లు కూడా వాడిన ఒక గొలుసు. ఉత్తర దక్షిణాలుగా పోయేవి మైలుకొకటి, తూర్పు పడమరలుగా పోయేవి రెండు మైళ్లకొకటి. కాగితం మీద ఉన్నంత మాత్రాన నేల మీద రోడ్డు ఉందనుకోవడం ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. వదిలిన నేల వదిలినట్టే గడ్డిగా మిగిలిపోయిన చోట్లు ఎన్నో ఉన్నాయి, ఫోనులోని మ్యాపు వాటిని కూడా రోడ్డుగానే చూపించవచ్చు. వాన పడితే ఇక్కడి బంకమట్టి, స్థానికుల మాటలో గంబో, చక్రాలకు చుట్టుకుని కారును ఉన్నచోటనే నిలబెట్టేస్తుంది. మ్యాపు చెప్పింది కదా అని మట్టి దారిలోకి దిగకండి, ఎన్నిసార్లు చెప్పినా దిగుతున్నారు!

దీనికి తోడు కరెక్షన్ లైన్లు ఉన్నాయి. భూమి గుండ్రన కనుక ఉత్తరానికి పోయేకొద్దీ మెరిడియన్లు దగ్గరవుతాయి, చదరాలు కుదరవు. ఆ తేడాను సర్దడానికి ప్రతి 24 మైళ్లకు ఒక గీత పెట్టారు. మొదటిది రెండవ, మూడవ టౌన్‌షిప్పుల మధ్య, సరిహద్దుకు పన్నెండు మైళ్ల ఉత్తరాన ఉంటుంది. మెరిడియన్ నుంచి దూరమయ్యేకొద్దీ తేడా పెరిగి పదమూడవ రేంజి దగ్గర సుమారు అర మైలు అవుతుంది. అందువల్ల తిన్నగా పోతున్న రోడ్డు ఆ గీత దగ్గర హఠాత్తుగా ఆగి, పక్కకు తిరిగి, మళ్లీ తిన్నగా సాగుతుంది. రాత్రి, మంచులో, గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడికి ఆ మలుపు కనబడేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. మన కుర్రవాడు జారింది అలాంటి మలుపులోనే.

ఇంత విశాలమైన నేలలో ఇంత తక్కువ మంది ఎందుకున్నారని మీరు అడుగుతారు. ఇది మొదట నకోటా, క్రీ, సోటో అనే మూలవాసి ప్రజల వేట నేల. 1874లో ప్రభుత్వానికీ మూలవాసులకూ మధ్య కుదిరిన నాలుగవ ట్రీటీ (ఒప్పందం) పరిధిలోకి ఈ ప్రాంతం వస్తుంది. అంతకుముందే 1857లో బయలుదేరిన అన్వేషకుడు జాన్ పాలిసర్ బృందం ఈ మెట్ట ప్రాంతం సేద్యానికి ఎండు నేల అని చెప్పింది. తరువాత వానలు బాగా పడిన సంవత్సరాలలో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ మకూన్ దీనిని మంచి నేలే అన్నాడు, ప్రభుత్వం ఆ మాటనే పట్టుకుంది. వలస వచ్చినవారు పది డాలర్ల రుసుము కట్టి, మూడేళ్లు ఉండి, కొంత దున్నితే 160 ఎకరాలు సొంతమయ్యేవి. కానీ మన కోస్తా రైతుకు ఐశ్వర్యంగా తోచే ఆ 160 ఎకరాలు ఇక్కడి వానకు ఒక కుటుంబాన్ని పోషించలేవు. 1930లలో కరవు, దుమ్ముతుఫానులు కలిసి వచ్చేసరికి చాలామంది ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. 1935లో ఏర్పడిన పిఎఫ్‌ఆర్‌ఏ అనే ప్రెయిరీ పొలాల పునరుద్ధరణ సంస్థ దున్ని పాడైన నేలను మళ్లీ గడ్డికి మళ్లించి ఉమ్మడి పచ్చిక బయళ్లుగా మార్చింది. మిగిలినవారు పక్కవారి క్వార్టర్లు కొనుక్కుంటూ పోవడంతో పొలాలు పెరిగాయి, ఇళ్లు తగ్గాయి. దున్నని గడ్డి నేల మిగిలింది కనుకనే ఇక్కడ గ్రాస్‌లాండ్స్ జాతీయ ఉద్యానం ఏర్పడింది, 2005లో ఎల్క్ ఐలాండ్ అనే మరో జాతీయ ఉద్యానం నుంచి బైసన్లను (ఇక్కడి అడవిదున్నలను) తిరిగి తెచ్చారు. మీరు చూసే పడిపోయిన ఇంటి పునాదిలో ఒక కుటుంబం ఓడిపోయిన చరిత్ర ఉంది, దాని దగ్గర దయచేసి ఫోటోల కోసం కంచెలు దాటకండి. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలండి.

వచ్చిన వారంలోనే ఆర్‌ఎం కార్యాలయానికి వెళ్లి మ్యాపు కొనుక్కోండి. ప్రతి క్వార్టరు మీద దాని యజమాని పేరు అచ్చు వేసి ఉంటుంది, మీ ఇల్లు ఉన్న గడిని పెన్నుతో గుర్తు పెట్టమని అక్కడివారినే అడగండి. ఆ గడి నంబరును ఫ్రిజ్ మీద ఒకటి, కారులో ఒకటి, ఇంట్లో ఇంగ్లీషు తక్కువ వచ్చిన పెద్దవాళ్ల ఫోను కవరులో ఒకటి రాసి పెట్టండి. మీరు పనికి వెళ్లాక ఇంట్లో ఒంటరిగా ఉండేది వాళ్లే.

ఇంత భయపెట్టిన తరువాత ఒక మాట చెప్పక తప్పదు, మీరు ఇక్కడ బతకగలరు. ఈ ఆర్‌ఎంలు పుట్టిందే గడ్డి మంటలు ఆపుకోవడానికీ, రోడ్లు వేసుకోవడానికీ రైతులు తమలో తాము కలిసినప్పుడు. రీవ్ అనే పెద్ద, ఆర్‌ఎంలోని ఒక్కో డివిజనుకు (విభాగానికి) ఒక కౌన్సిలరు నేటికీ పొరుగు రైతులే. సర్కారు వైద్యం అనే ఆలోచన కూడా ఈ చుట్టుపక్కలనే రూపు దిద్దుకుంది: 1946లో స్విఫ్ట్ కరెంట్ ప్రాంతంలో అందరికీ ఆసుపత్రి, డాక్టరు సేవలు కలిపి ఇచ్చిన మొదటి ప్రాంతీయ పథకం నడిచింది, రాష్ట్రమంతటికీ అది 1962లో వచ్చింది. ఎదురు వచ్చే ట్రక్కులోని మనిషి స్టీరింగు మీద నుంచి ఒక వేలు ఎత్తితే అది పలకరింపు, మీరూ ఎత్తండి. గోతిలో పడితే ట్రాక్టరు తెచ్చి లాగి, డబ్బులిస్తే తీసుకోకుండా వెళ్లిపోతారు. వాళ్లు రావాలంటే మీరెక్కడున్నారో వాళ్లకు తెలియాలి. కారు దిగి నడవకండి, లోపలే ఉండండి, ఫోనులో పేరుకన్నా ముందు నంబరు చెప్పండి.